ట్రాక్టరు టాపు అమ్మేయాలా, ఉంచుకోవాలా?



ఈసారి కొబ్బరి రేటు గురించి కాదు, మురుగు కాలువల పూడిక గురించీ కాదు. మన పాకల్లో, మకాంల దగ్గర గోడకి చేరేసి ఉండే ట్రాక్టరు టాపు గురించి రాస్తున్నాను. చిన్న విషయంలాగే ఉంటది గానీ, ఈ నెలలో నన్ను నలుగురు అడిగారు, "ఆ టాపు ఊరికే పడుందిగా, అమ్మేయకూడదా?" అని. అందులో ఇద్దరు తమ టాపుని తుక్కు బండికి కిలోల లెక్కన ఎత్తేసినోళ్ళే. మరి నేనేం అనుకుంటున్నానో చెబుతాను, కాదనేవాళ్ళు కాదనండి.

మెట్ట వైపు టాపు ఒకసారి బిగిస్తే మళ్ళీ బండి అమ్మేదాకా ఎవరూ విప్పరు. మన కోనసీమలో అలా కుదరదండి. కొబ్బరి తోటలోకి దిగామంటే పైన మట్టలు ఎత్తులో ఉన్నా, ఖాళీల్లో నాటిన లేత మొక్కల ఆకులు సరిగ్గా టాపు అంచుకే తగులుతాయి. అంతర పంటగా అరటి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు, గెల మీద టాపు రాసుకుందంటే ఆ గెల బేరగాడు పక్కన పెట్టేస్తాడు. కోకో కొమ్మలైతే విరిగిపోతాయి. మాది 1996 నవంబరు తుపానుకి చెట్లన్నీ పోయాక మళ్ళీ వేసుకున్న తోట. రెండెకరాల్లో టాపుతో ఒక సాలు తిన్నగా తోలింది లేదు. అందుకే తోటలున్న ఊళ్ళలో టాపులన్నీ నేల మీదే ఉంటాయి. మా టాపు కింద ప్రస్తుతం కోళ్ళు పడుకుంటున్నాయి, పైన కొబ్బరి డొక్కలు ఎండుతున్నాయి. మా ఆవిడ లెక్కలో అది పనికొచ్చే వస్తువే, అమ్ముతానంటే మొదట అడ్డం తగిలింది ఆవిడే.

అయినా ఊరికే పడున్న ప్రతిదీ అమ్మెయ్యాలనే లెక్క తప్పు. దమ్ము చక్రాలు ఏడాదిలో రెండుసార్లు, సార్వాకీ దాళ్వాకీ కలిపి గట్టిగా నెల రోజులు తిరుగుతాయేమో. మిగతా పదకొండు నెలలు తుప్పు పడతాయి. అలాగని వాటిని అమ్ముకుంటామా? ఏడాదిలో ఎన్ని రోజులు వాడామన్నది కాదు చూసుకోవలసింది. ఆ కొద్ది రోజులూ అది లేకపోతే ఎవరికి ఎంత కష్టం అన్నది చూసుకోవాలి.

ఇక్కడే మనవాళ్ళు ఒక మనిషిని లెక్కలోకి తీసుకోవట్లేదు. బండి మనది, నడిపేది డ్రైవరు. మే ఆఖరున రోహిణి కార్తెలో ఎండు దుక్కి, జూన్లో కాలవకి నీళ్ళు వదిలాక దమ్ములు. పొద్దున్న ఆరింటికి ఎక్కినోడు చీకటి పడ్డాకే దిగుతాడు. పైన ఎండ, కింద ఇంజిను వేడి, చుట్టూ బురద నీటి ఆవిరి. నెత్తిన ఒక తువ్వాలు, అంతే. మనం గట్టు మీద చెట్టు నీడన నిలబడి "ఆ మూల ఇంకోసారి తిప్పు" అంటాం. కిరాయిలకి బండి తిప్పేవాళ్ళు, ముఖ్యంగా ఉప్పలగుప్తం, అల్లవరం వైపు నీడ లేని వరిచేలల్లో తోలించేవాళ్ళు, టాపు అమ్మేముందు ఆ డ్రైవరుని ఒక మాట అడగండి. వాడు వద్దంటే అమ్మొద్దు. తుక్కుకి వచ్చే నాలుగు డబ్బులకి మనిషికి వడదెబ్బ తగలనియ్యడం నాకైతే నచ్చదు. అసలు తుక్కు బండికి ఎత్తడమే నాకు ఇష్టం లేదు. బాగున్న వస్తువుని తూకానికి ఇవ్వడమంటే కాపు కాసే చెట్టుని కట్టెల లెక్కన అమ్మినట్టే.

ఇంకో సంగతి. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు, ఫోన్లో ఈ టాపు గొడవ చెబితే నవ్వాడు. వాడి స్నేహితుడికీ ఇదే తగువంట. అక్కడ పైకప్పు లేని కార్లుంటాయి, మియాటా అని జపాను మజ్దా కంపెనీది 1989లో వచ్చింది. దానికి గుడ్డ టాపు కాక, చలికాలానికి విడిగా బిగించుకునే గట్టి టాపు ఉంటది. వేసంకాలంలో ఆ గట్టి టాపుని కారు షెడ్డులో తాళ్ళతో వేలాడదీసి ఉంచుతారంట. అమ్మితే మంచి డబ్బు వస్తది. కానీ ఆ పాత బండికి సరిపోయే టాపు మళ్ళీ కొందామంటే దొరకడం కష్టం, అందుకని ఆ కుర్రాడు అమ్మలేక ఉంచుకోలేక ఉన్నాడంట. ఎంత డబ్బున్న దేశమైనా షెడ్డులో చోటు తగువు తప్పలేదు చూడండి.

ఆ మాటతో నాకు లెక్క తేలింది. వాళ్ళది మళ్ళీ దొరకనిది. మనది అలా కాదు, అమలాపురంలోనో కొత్తపేటలోనో కొలతలిస్తే నాలుగు రోజుల్లో వెల్డింగు చేసి ఇస్తారు. మళ్ళీ చేయించుకోగలిగింది అమ్మితే పెద్ద నష్టం లేదు.

అయితే ఇక్కడ ఒకటి జాగ్రత్తగా వినండి. టాపు వేరు, గార్డు ఫ్రేము వేరు. కొన్ని బళ్ళకి సీటు వెనకాల లావుపాటి ఇనప ఫ్రేము కంపెనీయే బిగించి ఇస్తది, రోప్స్ అంటారు. బండి తిరగబడితే మనిషి నలిగిపోకుండా కాసేది అదే. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకి దాన్ని తప్పనిసరి చేసింది, తర్వాత అక్కడ తిరగబడి పోయే ప్రాణాలు బాగా తగ్గిపోయాయి. మన రేకు టాపుకి ఆ బలం లేదు. అది నీడకి, చినుక్కి, మహా అయితే ఒక కొబ్బరికాయ పడితే నెత్తి తప్పించడానికి. టాపు ఉంది కదా అని కాలవ గట్టు అంచున తోలేవాళ్ళని చూశాను, పుంతల్లో ఎదురొచ్చిన బండికి దారిస్తూ బోదెలోకి ఒరిగినవాళ్ళనీ చూశాను. ఫ్రేము ఉన్న బండిలో బెల్టు పెట్టుకోవాలి. ఫ్రేము లేని బండిలో బెల్టు కట్టుకోకూడదు, తిరగబడితే దాని కిందే ఉండిపోతాం. ఆ ఫ్రేముని తోటలో అడ్డొస్తుందని కోయించడం, దానికి చిల్లులు పెట్టించి టాపు బిగించడం చెయ్యొద్దు, బలం పోతది. అడ్డమైతే మడతపెట్టే రకాలు ఉన్నాయి, తోట దాటగానే మళ్ళీ నిలబెట్టుకోవాలి. అది మాత్రం ఎంత రేటు వచ్చినా అమ్మే వస్తువు కాదు.

ఇక నా సంగతి. నేను కిరాయిలు మానేసి మూడేళ్ళు అయింది. నా రెండెకరాల తోట, ఎకరంన్నర చేను నేనే తోలుకుంటాను, అదీ పొద్దున్న పూట. నాకు ఆ టాపుతో పని లేదు. తుక్కు బండివాడు 2 వేలు అన్నాడు. అల్లవరం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, వాడిదీ మాదీ ఒకటే మోడలు బండి, ఎండాకాలమంతా కిరాయిలే. కొత్తది చేయించాలంటే 14 వేలు చెప్పారంట వాడికి. నేను 6 వేలకి ఇస్తానన్నాను. మా అబ్బాయి 8 అడగమన్నాడు. బేరం తెలీక కాదండి, ఆ రేకుని వాడు నడినెత్తిన ఎండలో వాడతాడు, మేం కోళ్ళకి వాడుతున్నాం. 6 చాలు.

ఇచ్చేటప్పుడు రేకు ఒక్కటీ ఇచ్చి ఊరుకోకండి. క్లాంపులు, బోల్టులు, మడ్‌గార్డు మీద కూర్చునే పట్టీలు అన్నీ కలిపి ఇవ్వాలి, లేకపోతే కొన్నోడు వెల్డింగు షాపుకి మళ్ళీ డబ్బు పోయాలి. మన ఉప్పుగాలికి పట్టేసిన బోల్టులుంటే ముందురోజే కిరసనాయిలు పోసి నానబెట్టండి. మా దగ్గర రెండు విరిగాయి, కొత్తవి తెచ్చి సంచిలో వేశాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. కోళ్ళకి తాటాకు కప్పించమని ఇంట్లో గట్టిగా చెప్పారు, ఆ ఖర్చు ఈ 6 వేల్లోంచే.