సెనేటు పీఠమున శతవృద్ధుడు

అమెరికా సెనేటరు స్ట్రామ్ థర్మండు నూఱేండ్లు నిండిన పిమ్మట 2003లో పదవి విడిచెను. కాలముతో మాఱిన మహనీయుడని యాయనను మెచ్చువారు గలరు. 1983లో మార్టిన్ లూథర్ కింగు జయంతిని జాతీయ సెలవుదినముగా నంగీకరించినమాట మేమును గాదనము. కాని 1948లో జాతివివక్షను నిలుపుటకై యధ్యక్షపదవికి పోటీచేసి నాలుగు రాష్ట్రములు గెలిచినదెవరు? 1957లో నల్లవారి పౌరహక్కుల బిల్లు నాపుటకు 24 గంటల 18 నిమిషములు సభలో మాటలాడినదెవరు? బిల్లు నెగ్గెను; ఆయన ప్రతిష్ఠకు మాత్రము లోటు రాలేదు. 1964లో డెమొక్రాటిక్ కక్షిని వీడి రిపబ్లికను కక్షిలో జేరెను. 1981లో, సీనియారిటీ పుణ్యమా యని, సెనేటు న్యాయవ్యవహారముల సంఘమునకే యధ్యక్షుడయ్యెను! ఆ యాచారము ఏండ్లను లెక్కించునే గాని యా యేండ్లలో జేసిన పనిని లెక్కింపదు. 1954లో ఆయనను తొలుత సెనేటునకు బంపిన దక్షిణ కరొలైనాలో నల్లవారిలో పెక్కురకు ఓటు దక్కకుండెను. అట్లు గడించిన పెద్దఱికము చేతికే న్యాయమూర్తుల యోగ్యతను విచారించు నధికార మొప్పగించిరి. దీనిని మార్పని మేమెట్లు పిలుతుము?