పక్షి ఫొటోకు ఏ లెన్స్? ముందు దూరం తేల్చుకోవాలి

శీతాకాలం రాగానే వలస పక్షులతో పాటు పొడవాటి లెన్సులూ చెరువు గట్లకు చేరుతాయి. పక్షుల ఫొటోగ్రఫీలోకి కొత్తగా వచ్చేవారిని తొలిచే ప్రశ్న ఒక్కటే: 300 మిల్లీమీటర్లా, 400నా, 600నా? పక్షి ఎంత పెద్దగా కనిపిస్తుందన్న లెక్కతోనే చాలామంది కొంటారు. పక్షికి ఎంత దూరంలో ఆగిపోవచ్చన్నది ఆ లెక్కలో మొదటి అంశం కావాలి.

ఇందులోని భౌతికశాస్త్రం చాలా సులువు. దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం పరిమాణం లెన్స్ నాభ్యంతరంతో పాటు పెరుగుతుంది, దూరం పెరిగే కొద్దీ తగ్గుతుంది. సుమారు 28 సెంటీమీటర్ల లకుముకి పిట్ట 28 మీటర్ల దూరంలో ఉంటే, 300 మి.మీ. లెన్స్ సెన్సర్‌పై 3 మి.మీ. బొమ్మ వేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మి.మీ. కనుక అది చిత్రంలో ఎనిమిదో వంతు మాత్రమే. దాన్ని రెట్టింపు చేయడానికి రెండు దారులున్నాయి: 600 మి.మీ. లెన్స్ వాడటం, లేదా 14 మీటర్ల దగ్గరకు వెళ్లడం.

సెన్సర్‌కు రెండూ ఒకటే. పక్షికి మాత్రం రెండో దారి ప్రమాద సంకేతం. ఎగిరిపోవడానికి ముందే అది మేత మానేసి, తల ఎత్తి చూస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే పక్షికి ఇలా పదే పదే మేత ఆగడం నష్టమే.

గూళ్ల కాలంలో నష్టం ఇంకా ఎక్కువ. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం వంటి చోట్ల గూడబాతులు చెట్ల మీద గుంపులుగా పిల్లల్ని పెంచుతాయి. తల్లి లేచిపోయిన కొద్ది నిమిషాల్లో గుడ్లను ఎండ కాల్చవచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని కూడా ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది.

అలాగని అందరూ అతి ఖరీదైన లెన్స్ కొనక్కర్లేదు. 600 మి.మీ. ఎఫ్/4 లెన్స్ ద్వారం వ్యాసం 150 మి.మీ. అదే నాభ్యంతరంలో ఎఫ్/6.3 అయితే సుమారు 95 మి.మీ. మొదటిది రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు పోగు చేస్తుంది. తెల్లవారుజామున ఎగిరే పక్షిని స్పష్టంగా పట్టడంలో ఆ తేడా తెలుస్తుంది. కానీ దాని బరువు దాదాపు 3 కిలోలు, ధర పది లక్షల రూపాయలకు పైమాటే. లక్ష రూపాయలకు అటూ ఇటూగా దొరికే 150–600 మి.మీ. జూమ్ లెన్స్ బరువు సుమారు 2 కిలోలు. దానితో ఐఎస్‌ఓ పెంచాల్సి వస్తుంది, చిత్రం కాస్త గరుకుగా రావచ్చు. పక్షుల అధ్యయనానికి ఆ గరుకుతనం అడ్డు కాదు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకు 400 మి.మీ. లెన్స్ బిగించినా, ఫుల్‌ఫ్రేమ్‌పై 600 మి.మీ. చూపే దృశ్యమే దక్కుతుంది.

పొడవైన లెన్సుకూ హద్దుంది. ఎండ ఎక్కాక వేడెక్కిన నేల మీది గాలి కదులుతూ కాంతిని వంచుతుంది. దూరపు పక్షి అలల్లో కదిలినట్లు మసకబారుతుంది. ఎంత ఖరీదైన గాజైనా దాన్ని సరిచేయలేదు. అప్పుడు ముందుకు నడవడం కంటే మరుసటి ఉదయం రావడం మేలు. ఒకే చోట కదలకుండా కూర్చుంటే పక్షులే తమంతట తాము దగ్గరకు రావచ్చు.

300 మి.మీ. లెన్సే ఉన్నవారు దగ్గరకు వెళ్లక తప్పదనే వాదన నిలబడదు. చిత్రంలో పక్షి చిన్నగా ఉన్నా, అది వాలిన కొమ్మ, దిగిన నీరు, పక్కనున్న జత కనిపిస్తే ఆ ఫొటో ఎక్కువ సంగతులు చెబుతుంది. మన పక్షుల స్థితిని 2023లో అంచనా వేసిన జాతీయ నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనలు. అలాంటి నమోదుకు జాతి, చోటు, తేదీ, సంఖ్య ముఖ్యం. ఈకల మెరుపు తప్పనిసరి కాదు.

కాబట్టి కొనేముందు తేల్చుకోవాల్సిన వరుస ఇది: పక్షి బెదరని దూరం ఎంత, ఆ దూరానికి ఎంత నాభ్యంతరం కావాలి, గంటల తరబడి మోయగలిగే బరువెంత. ధర ఆ తర్వాతి మాట. లెన్స్ ఏదైనా, పక్షి మేత ఆపి తల ఎత్తిందంటే అడుగు వెనక్కి వేయాల్సిందే.