ముసలి పిల్లికీ ఉండాలి చెలగాటం!

స్థిమితం లేకుండా అటూ ఇటూ తిరిగేవాళ్లని ‘కాలుకాలిన పిల్లి’ అంటారు. సయామీస్, అబిసీనియన్, బెంగాల్ జాతి పిల్లుల్ని పెంచేవాళ్లకి ఈ పోలిక వేరే చెప్పక్కర్లేదు. కాలు కాలకపోయినా వాటిది అదే తంతు! ఓ క్షణం బీరువా మీద, మరుక్షణం కిటికీ కర్టెన్ మీద. అలాంటి పిల్లి పదేళ్లు దాటాక సోఫా మూల చేరుతుంది. పిలిస్తే పలకదు. అర్ధరాత్రి లేచి ఇల్లంతా మార్మోగేలా అరుస్తుంది. ‘ముసలిదైపోయింది, పాపం’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

అసలు చిక్కంతా ఆ సరిపెట్టుకోవడంలోనే ఉంది.

కొలువు పోయిన పిల్లి

కృష్ణా డెల్టా పల్లెల్లో పిల్లికి ఒకప్పుడు చేతినిండా పని. ధాన్యం గాదెలు, గడ్డివాములు, వాటి నిండా ఎలుకలు... పిల్లికి ఎంత వయసొచ్చినా కన్నం దగ్గర కాపలా మానేది కాదు. అంతెందుకు, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో బావురుపిల్లి ఇప్పటికీ నీళ్లలోకి పంజా విసిరి చేపల్ని పట్టుకుంటుంది. వేటాడటం పిల్లికి కడుపు నింపుకునే దారే కాదు, బుర్రకి పెట్టే పని కూడా.

ఇప్పుడు పటమటలోనో మొగల్రాజపురంలోనో నాలుగో అంతస్తు ఫ్లాటుకి వద్దాం. వేళకి గిన్నెలో తిండి, పైన ఏసీ, కిటికీకి వల. ఎలుక ఊసే లేదు. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అన్నారు పెద్దలు. ఎలుక లేని ఫ్లాటులో చెలగాటం లేక పిల్లికే ప్రాణసంకటం!

చురుకైన జాతులకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బెంగాల్ పిల్లిలో అడవిలో తిరిగే చిరుతపిల్లి రక్తం ఉంది. సయాం నుంచి ఇంగ్లండు చేరిన సయామీస్ అయితే మనిషితో కబుర్లు చెప్పందే ఉండలేదు. ఊరికే కూర్చోవడం వీటి స్వభావంలోనే లేదు. అందుకే ఇవి ఊరికే కూర్చున్నాయంటే అనుమానించాలి.

ముందు డాక్టరు... తర్వాతే ఆట

పిల్లికి పదేళ్లంటే మనిషికి సుమారు యాభై ఆరు. పదిహేనంటే డెబ్భై ఆరు. ఆ వయసులో మోకాళ్లు నొప్పెడితే మనిషి పదిమందికి చెప్పుకుంటాడు. పిల్లి చెప్పదు, దాచుకుంటుంది. అమెరికాలో పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 90 శాతానికి కీళ్ల అరుగుదల కనిపించింది! బీరువా ఎక్కడం మానేసింది బద్ధకంతో కాదు, నొప్పితో కావచ్చన్నమాట.

బాగా తింటూనే చిక్కిపోతూ, రాత్రిళ్లు అరుస్తుంటే థైరాయిడ్ కావచ్చు. నీళ్లు ఎక్కువగా తాగుతుంటే మూత్రపిండాల జబ్బో, మధుమేహమో కావచ్చు. రక్తపోటు పెరిగితే ఉన్నట్టుండి చూపే పోవచ్చు. మతిమరుపు కూడా ఉంటుంది. వయసుతో ప్రవర్తన మారడం 11-14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతం, 15 దాటినవాటిలో సగం దాకా ఉంటుందని పరిశోధకుల లెక్క. అయితే మిగతా జబ్బులేవీ లేవని తేలాకే దాన్ని మతిమరుపు అనుకోవాలి. వీటిలో చాలావాటికి మందులున్నాయి.

అందుకే పదేళ్లు దాటిన పిల్లికి ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించాలి. విజయవాడవాళ్లకి ఊళ్లో పశువైద్యులున్నారు. గన్నవరంలో పశువైద్య కళాశాలా ఉంది.

ఒక్క హెచ్చరిక. నొప్పి కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వెయ్యొద్దు. అది పిల్లికి విషం. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

గుడ్ల అట్టే ఆటవస్తువు

డాక్టరు సరేనన్నాక పిల్లికి మళ్లీ కొలువు ఇవ్వాలి. ఖరీదైన బొమ్మలేం అక్కర్లేదు. గుడ్ల అట్ట గుంటల్లో రోజూ పెట్టే తిండిలోంచే నాలుగు పలుకులు వేసి, పంజాతో తీసుకోనివ్వాలి. బోర్లించిన కొబ్బరి చిప్ప కింద ఉప్పూ కారం లేని ఉడికించిన చేపముక్క, ముల్లు తీసి దాచొచ్చు. వేసవిలో నూజివీడు మామిడిపళ్లు వచ్చిన అట్టపెట్టె ఖాళీ అయ్యాక, రెండు కన్నాలు చేస్తే అదే గుహ!

అయితే కష్టపడి తినడం పిల్లికి మరీ ఇష్టమేం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధనలో, పక్కనే ఊరికే దొరికే తిండి ఉంటే చాలా పిల్లులు దానివైపే మొగ్గాయి. కాబట్టి మొదట మరీ తేలిగ్గా ఉండాలి. గిన్నె తీసేసి ఆకలితో మాడ్చకూడదు. ముసలి పిల్లి ఒక్కరోజు తినకపోయినా డాక్టరుకి చెప్పాల్సిందే.

కర్రకి కట్టిన ఈకని నేలమీద పాకిస్తూ ఆడిస్తే దూకకుండానే వేటాడుతుంది. చివర్లో ఆ ఈక దొరకాలి. ఎంతకీ చిక్కని లేజర్ చుక్కతో విసుగే మిగులుతుంది. ఒక్కో ఆట అయిదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు చాలు. బెజవాడ ఎండల్లో అయితే తెల్లవారుజామున, దీపాలు పెట్టాక. రాత్రి ఆట అయ్యాక కాస్త తిండి పెడితే అర్ధరాత్రి అరుపులూ తగ్గే అవకాశం ఉంది.

కొత్తవి నేర్చుకోవడానికీ వయసు అడ్డు కాదు. ‘కూర్చో’ అనగానే కూర్చుంటే ఓ చిన్న ముక్క బహుమతి ఇస్తే సరి. ఈ పని పిల్లలకో బామ్మగారికో అప్పగిస్తే ఇద్దరికీ కాలక్షేపం.

ఇల్లు కాస్త సర్దితే...

నున్నటి టైల్స్ మీద ముసలి కాళ్లు జారతాయి. అక్కడక్కడా గోనెపట్టాలు పరవాలి. కిటికీ గట్టు ఎక్కడానికి ఓ ముక్కాలిపీట మెట్టుగా వేయాలి. పిచ్చుకలూ ఉడతలూ కనిపించే కిటికీయే పిల్లికి టీవీ! లిట్టర్ ట్రేకి ఓవైపు అంచు తక్కువగా ఉండాలి. చూపు తగ్గిన పిల్లి ఉంటే సామాను చోట్లు మార్చకూడదు.

పూలు కట్టిన దారం, గాలిపటం దారం అందుబాటులో ఉంచొద్దు. మింగితే పేగులు చుట్టుకుపోయి ఆపరేషన్ దాకా వస్తుంది. లిల్లియం రకం లిల్లీ పూలు ఇంట్లోకే రానివ్వొద్దు. వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఓ గుడ్ల అట్ట, నాలుగు పలుకులు... సోఫా మూల నుంచి ఆ చెవులు ఇటు తిరిగాయంటే, పిల్లిగారు మళ్లీ కొలువులో చేరినట్టే!