రైతు స్వేచ్ఛయు, ఊరుమ్మడి నీరును

దున్నువాని పొలముపై ప్రభుత్వము పెత్తనము చేయరాదను సిద్ధాంతమునకు ఆంధ్రదేశమున ఆచార్య రంగాగారిని మించిన వకీలు లేడు. 1900లో నిడుబ్రోలున రైతుబిడ్డగా పుట్టి, ఆక్సుఫర్డున అర్థశాస్త్రము చదివి, స్వగ్రామమున రైతు విద్యాలయము నెలకొల్పి, రైతు యువకులకు రాజకీయవిద్య గఱపిరి. జమీందారీలపై పోరాడిరి. 1959 జనవరిలో నాగపురి కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానింపగా, రైతు తన మడిలోనే కూలివాడగునని తలచి కాంగ్రెసును వీడి, రాజాజీ ప్రభృతులతో స్వతంత్ర పక్షమును స్థాపించి దాని కధ్యక్షులైరి. 1967లో ఆ పక్షమునకు లోకసభలో 44 స్థానములు లభించెను. 1974లో అది వేఱొక పక్షమున లీనమయ్యెను. రంగాగారును తుదకు కాంగ్రెసునకే మరలివచ్చిరి.

పక్షము పోయినను ప్రశ్న పోలేదు. ఉమ్మడి సాగును వారు ప్రతిఘటించుట న్యాయమే. కాని నిడుబ్రోలు రైతు స్వతంత్రుడై నిలుచుటకు ఆధారమైన కృష్ణ కాలువలు ఎవరు త్రవ్వించిరి? 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట ప్రభుత్వపు పనియే గదా!

ఈ మాట మార్కాపురము, గిద్దలూరు సీమలవారికి విశదపఱుపనక్కఱలేదు. ఇచ్చట పొలము రైతుదే. నీరు మాత్రము లేదు. ఎవరి బోరు వారు వేసికొనుటయే స్వేచ్ఛ యన్నచో, లోతుగా త్రవ్వినవాని స్వేచ్ఛ పొరుగువాని బావి నెండించుచున్నది. భూగర్భజలము గట్టురాళ్ల నెఱుగదు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలమున నిర్మించిన కంభము చెరువు ఏ యొక్క రైతు శక్తికిని లోబడిన పని కాదు.

అయినను ప్రభుత్వమును నమ్మి చేతులు ముడిచికొని కూర్చుండుటయు తగదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకపు జంట సొరంగములకు ప్రారంభోత్సవము 2024 మార్చిలో గాని జరుగలేదు. ఇరువదియెనిమిది సంవత్సరములలో బాలుడు గృహస్థుడగును. పైరు మాత్రము ఒక్క నెల యాగదు.

కావున మన కోరిక స్పష్టముగ నుండవలెను. ఏ పంట వేయవలెనో, ఎచ్చట అమ్మవలెనో రైతే నిర్ణయించుకొనుగాక. నీటిని గొనివచ్చు భారము ప్రభుత్వముదే. వచ్చిన నీటిని పంచుకొను అధికారము ఆయా గ్రామముల రైతు సంఘములది. సంఘమున బలవంతుని కొక న్యాయము, బలహీనున కొక న్యాయము సాగనీయకుండుట, భూస్వాములారా, మీ బాధ్యత. ఇది నెఱవేర్పక స్వేచ్ఛను గూర్చి యెంత యుపన్యసించినను, ఎండిన చెరువుగట్టుపై పడవను గూర్చి మాటలాడినట్లే యగును.