రోగి శ్వాసను గమనించే యంత్రం

సంపాదకులవారికి,



మన కామాఠిపుర చాళ్లలో "వెంటిలేటర్ పెట్టినారు" అంటే "ఇక లేనట్లే" అని తలచడం పరిపాటి. నిన్నమొన్నటివరకు నేనూ అట్లే తలచినాను. మా అన్నను ఇంటికి తీసుకొనిపోతామని కాగితంపై సంతకం చేయబోయినాను కూడ.

అన్న 1982 సమ్మె వరకు బట్టల మిల్లులో పనిచేసినాడు. దూదిధూళి, బీడీ కలిసి ఊపిరితిత్తులను పాడుచేసినవి. ఒక ఆస్పత్రిలో యంత్రం పెట్టి, "దానితో పెనుగులాడుతున్నా"డని చేతులు కట్టి మత్తు ఇచ్చినారు. అతడు పెనుగులాడినది గాలికోసం. ఇటువంటి ఊపిరితిత్తులలో గాలి పూర్తిగా బయటికి రాక లోపలే నిలిచిపోతుంది. రోగి మళ్లీ పీల్చబోయినా ఆ ప్రయత్నం యంత్రానికి అందదు. ఆ రాత్రి వచ్చిన మరొక డాక్టరు ఒత్తిడి తగ్గించి, గాలి వదలడానికి వ్యవధి పెంచగానే అన్న నెమ్మదించినాడు. పదవనాడు యంత్రం తీసివేసినారు.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగినప్పుడు వైద్యవిద్యార్థులు వంతులవారీగా సంచిని చేత్తో నొక్కి రోగులకు ఊపిరి పోసినారు. రోగి పీల్చబోతే చేతికి తెలుస్తుంది. ఆ తెలివిని యంత్రానికి నేర్పడమే తరువాతి కృషి. రోగి పీల్చబోయినప్పుడే తోడ్పడే పద్ధతి 1980ల నుండి వాడుకలో ఉన్నది. 1990లలో రూపొందిన ఒక పద్ధతి, ఊపిరితిత్తుల స్థితిని శ్వాసశ్వాసకు కొలిచి, శ్రమ తక్కువయ్యే వేగాన్ని తానే ఎంచుకొంటుంది. మరొకటి అన్నవాహికలో వేసిన గొట్టం ద్వారా ఉదరవితానపు విద్యుత్ సంకేతాన్నే గ్రహిస్తుంది.

అందరికీ మత్తు అనవసరమని నేననను. ఊపిరితిత్తులు మరీ దెబ్బతిన్నప్పుడు రోగి సొంత శ్వాసను కొంతకాలం అణచవలసి రావచ్చును. కాని ఆ నిర్ణయం రోగిని చూచి చేయవలెను.

2020లో పీఎం కేర్స్ నిధి నుండి 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించినారు. యంత్రాల లెక్క అందరూ చెప్పినారు. వాటిని నడిపే మనుషుల లెక్క ఎవరు అడిగినారు? ఎంత తెలివైన యంత్రమైనా, రోగి ఛాతీని, తెరమీది గీతలను చూచి సరిదిద్దే మనిషి లేనిదే ఫలించదు.

కావున ప్రభుత్వ, మునిసిపల్ ఆస్పత్రులలో రాత్రివేళ కూడ శిక్షణ పొందిన సిబ్బంది ఉండవలెను. బంధువులకు అర్థమయ్యే భాషలో సంగతి చెప్పవలెను. మనవారు కూడ సంతకం చేసే ముందు ఒక్క మాట అడగవలెను: "రోగికి సొంత శ్వాస ఉన్నదా? యంత్రం దానికి తోడ్పడుతున్నదా?"

ఇట్లు,
ఒక పాఠకుడు
కామాఠిపుర, ముంబయి