దాచిన చీర, దొరికిన ఉంగరం

స్త్రీవాదులకు హాస్యం పట్టదని ఒక పాత ఫిర్యాదు. పట్టకేం? 1961లో కె.వి.రెడ్డి తీసిన ‘జగదేకవీరుని కథ’ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ నవ్వాను. ఆ నవ్వు చాటున ఏది దాటిపోతున్నదన్నదే నా గొడవ.

కథ అందరికీ తెలిసిందే. దేవకన్య స్నానానికి కొలనులో దిగుతుంది, మానవుడు ఆమె చీర చేజిక్కించుకుంటాడు. చీర లేనిదే తన లోకానికి పోలేదు కనుక అతనికి భార్య అవుతుంది. జపాన్‌లోనూ, స్కాట్లండ్ తీరంలోనూ ఇదే కథ ఉంది. అక్కడ చీర బదులు ఈకల వస్త్రం, సీలు చర్మం. ఈ జానపద కథల్లో చాలావాటికి ఒక నిజాయితీ ఉంది: దాచింది దొరికిన రోజున ఆమె వెళ్ళిపోతుంది. పిల్లలున్నా సరే.

పెద్దల వినోదానికి దీన్ని ప్రేమకథగా తిరగరాసినప్పుడల్లా కోతపడేది ఈ వెళ్ళిపోవడానికే. 1961 సినిమాలో ఇంకా కొంత మిగిలింది. అత్తగారిని మెప్పించి, చీర సంపాదించి కోడళ్ళు స్వర్గానికి ఎగిరిపోతారు. అయితే నాయకుడు వెనకాలే వెళ్ళి నలుగురినీ దక్కించుకుంటాడు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ నాటికి ఆ మాత్రమూ పోయింది. ఇంద్రజ ఉంగరాన్ని రాజు దొంగిలించడు, దొరుకుతుందంతే. దొంగతనం కాస్తా అదృష్టమైంది! ఉంగరం కోసం అతనింట చేరి ఆమె పడే అవస్థంతా మనకు హాస్యం. చివరికి ఆమే భూమ్మీద ఉండిపోతుంది. 2025 మేలో ఆ సినిమా మళ్ళీ థియేటర్లకొచ్చింది.

‘ఆమే ప్రేమించింది కదా, మధ్యలో మీకేం బాధ’ అంటారు. ప్రేమించనీయండి. ముందు ఉంగరం ఆమె చేతిలో పెట్టి, అప్పుడడగాలి కదా, ఉంటావా పోతావా అని.

2022 డిసెంబరులో మా మన్నెగూడలో, నిశ్చితార్థం జరగాల్సిన రోజున, పెద్ద గుంపు ఇంటిమీద పడి ఒక యువతిని ఎత్తుకుపోయింది. ఆమెతో తనకు ఇదివరకే పెళ్ళయిందని ప్రధాన నిందితుడన్నాడు, ఆమె కాదంది. పోలీసులు ఆ రోజే ఆమెను విడిపించారు. తర్వాత ఇక్కడి టీ కొట్ల దగ్గర, బస్సుల్లో నేను ఎక్కువగా విన్న ప్రశ్న: ‘ఇంతకీ ఇద్దరి మధ్యా ప్రేమ ఉందా, లేదా?’ ఉంటే ఎత్తుకుపోవచ్చా? సినిమా చూసి గుంపు బయల్దేరిందని నేననను, సోషియాలజీ అంత అమాయకంగా చదవలేదు. కానీ ప్రేమ ఉందని తేలితే బలవంతం మాఫీ అయిపోతుందన్న లెక్క మనకెవరు నేర్పారు? కనీసం దాన్ని నవ్వుతూ ఒప్పుకోవడం ఎక్కడ అలవాటైంది?

స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని, దాన్ని అట్టిపెట్టుకోవడం నమ్మకద్రోహ నేరమని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 గృహహింస చట్టం కింద ఆమె ఆస్తినీ, విలువైన పత్రాలనూ తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు. అత్తింటి నుంచి కట్టుబట్టలతో బయటపడ్డ స్త్రీలకు మేం చెప్పేదొకటే: జాబితాలో నగలతోపాటు పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్, పాస్‌పోర్టు కూడా రాయండి. చాలామంది నగల దగ్గరే ఆగిపోతున్నారు.