ఎవరి మీద గెలిచారు?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. అది భూమి తగాదాల కోర్టు సంగతి. కబడ్డీ కోర్టులో అట్లా కాదు. గెలిచినవాడు అక్కడే ఎగురుతాడు, ఓడినవాడు బస్సెక్కి ఊరికి పోయి ఏడుస్తాడు. మాది పెన్‌పహాడ్. ఆ బస్సు నేనూ ఎక్కినవాణ్ణే. అందుకే ఈ నాలుగు మాటలు రాసే చనువు తీసుకుంటున్నాను.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. కాలేజీల మధ్య కబడ్డీ పోటీలు, నాకౌట్ పద్ధతి. చీకటితోనే లేచి, సూర్యాపేటలో బస్సు మారి, టిఫిను కూడా సరిగ్గా తినకుండా మైదానానికి చేరాం. మేం మట్టి మీద ఆడి పెరిగినవాళ్లం, అక్కడ పరిచింది మ్యాట్. చీటీ తీస్తే మా మొదటి మ్యాచే పోయినేటి విజేతతో పడింది. 52–11. పదకొండు గంటలకల్లా మా టోర్నమెంటు అయిపోయింది. ఆ పదకొండు పాయింట్లలో తొమ్మిది మా రైడర్ ఒక్కడే తెచ్చాడు. తర్వాత పైజట్టు ఎంపికకు పిలిచిన జాబితాలో సెమీఫైనల్ దాకా వచ్చిన కాలేజీల పిల్లలే ఉన్నారు. మావాడి పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే, “మీరు మొదటి రౌండ్లనే పోయిన్రు గద!” అన్నారు.

నా తగువంతా ఆ ఒక్క మాటతోనే. 52–11 ఏం చెప్పింది? ఆ రోజు వాళ్లు మాకంటే చాలా మెరుగని చెప్పింది. దాన్ని కాదనను. కానీ వాళ్లే అందరికంటే గొప్పవాళ్లని చెప్పిందా? మేమే అందరికంటే అధ్వాన్నమని చెప్పిందా? రెండూ చెప్పలేదు. ఒక్క కొలతతో ఇద్దరి ఎత్తూ తేల్చడం బడిలో పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూడటం లాంటిది. ఎవరు పొడుగో తెలుస్తుంది గానీ ఎంత పొడుగో తెలియదు.

మన హైదరాబాద్ రంజీ జట్టునే చూడండి. 1937–38లో ఒకసారి, 1986–87లో ఇంకోసారి రంజీ ట్రోఫీ గెలిచిన జట్టు. 2022–23లో ఎలైట్ విభాగంలో అట్టడుగున నిలిచి ప్లేట్ విభాగానికి దిగిపోయింది. మరుసటి సీజన్ 2024 జనవరిలో మొదలైంది. తొలి మ్యాచ్‌లో నాగాలాండ్‌పై ఇన్నింగ్స్ 194 పరుగుల తేడాతో గెలుపు. అదే నెల 26న అరుణాచల్ ప్రదేశ్‌తో మొదలైన మ్యాచ్‌లో ఒక్క రోజులో, 48 ఓవర్లలో, ఒక్క వికెట్టుకు 529 పరుగులు! తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో మూడు వందలు దాటి, ప్రపంచ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే అత్యంత వేగవంతమైన ట్రిపుల్ సెంచరీ చేశాడు. చివరికి 366. ఆ రికార్డును ఎవరూ చిన్నచూపు చూడనక్కరలేదు, బంతిని కొట్టాల్సింది అతనే కద. కానీ జట్టు సంగతి వేరు. నిన్న అట్టడుగున ఉన్నవాళ్లు ఇవాళ కొండెక్కారంటే ఎదుట ఎవరున్నారో అడగాలి. 2018–19లోనే రంజీలో అడుగుపెట్టిన అరుణాచల్ ఉంది. హైదరాబాద్ ప్లేట్ గెలిచి మళ్లీ పైకి వెళ్లింది. పైన 2024–25లో క్వార్టర్ ఫైనల్ చేరలేదు. అంటే 529 అబద్ధమా? కాదు. అది ర్యాంకు కాదు, అంతే.

రంజీ నియమాల్లో ఒక న్యాయం కూడా ఉంది. మామూలు గెలుపుకు ఆరు పాయింట్లు, ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే ఏడు. ఇన్నింగ్స్ ఒక్క పరుగుతో గెలిచినా, రెండు వందలతో గెలిచినా ఆ ఏడే. బలహీనుణ్ణి ఎంత బాదినా ఒక హద్దు దాటాక ఫలం లేదు. ప్రో కబడ్డీలో చాలా సీజన్లు ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడిన జట్టుకూ ఒక పాయింటు ఇచ్చారు. చిత్తుగా ఓడినవాణ్ణీ, పోరాడి ఓడినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదన్న ఇంగితం అది.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు తెలిసిన ముచ్చట ఇంకొకటుంది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో 1936 నుంచి పత్రికలవాళ్లు ఓట్లేసి ర్యాంకులిస్తున్నారు. సీజను మొదలుకాక ముందే ఒక జాబితా సిద్ధం. పెద్ద యూనివర్సిటీలు తొలి వారాల్లో చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ తమ మైదానానికి పిలిపించుకుని చితకబాదుతాయి. స్కోరు చూసి ఓటేసేవాళ్లు మురుస్తారు. 2007 సెప్టెంబరు 1న మాత్రం కథ అడ్డం తిరిగింది. ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్‌ను, కింది విభాగం నుంచి వచ్చిన అపలాచియన్ స్టేట్ 34–32తో సొంతగడ్డ మీదే ఓడించింది. ఆడకముందే ఇచ్చిన ర్యాంకు ఆడాక ఎన్నాళ్లుంది? ఒక్క పూట.

“గట్టివాళ్లతో ఆడితేనే గదయ్యా ఆట వచ్చేది” అని మా పి.డి. సారు అనేవారు. ఆ మాటా నిజమే. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆ స్కోరు చూసి ‘మీకు ఫుట్‌బాల్ రాదు, ఇక రాకండి’ అని ఉంటే? నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ ఆడింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణమే తెచ్చింది. పది గోల్స్ నేర్పిన పాఠం పనికొచ్చింది, ఎందుకంటే వాళ్లకు మళ్లీ ఆడే అవకాశం దొరికింది. పదకొండు గంటలకే బస్సెక్కించినవాడికి పాఠం ఏం పనికొస్తుంది?

మన పోటీల తీరు చూడండి. యూనివర్సిటీల స్థాయిలో చాలా ఆటలకు ‘నాకౌట్ కమ్ లీగ్’ అంటారు. ముందు నాకౌట్, చివరి నాలుగు జట్లకు లీగ్. అంటే ఎక్కువ మ్యాచ్‌లు ఇప్పటికే ఆట వచ్చినవాళ్లకు, ఒక్క మ్యాచ్ ఆట నేర్వాల్సినవాళ్లకు. కలిగినింటికే మళ్లీ వడ్డన!

రోజులు చాలవు, ఖర్చు పెరుగుతుంది అంటారు. నిజమే. అయినా కాలేజీల పోటీల్లో చెయ్యగలిగినవి మూడున్నాయి. ఒకటి, మొదట నాలుగేసి జట్ల గుంపులు చేసి, సగం సమయం మ్యాచ్‌లైనా సరే, ప్రతి జట్టుకూ మూడు ఆటలు దక్కించడం. రెండు, పోయిన రెండేళ్ల ఫలితాలు చూసి గట్టి జట్లను వేరువేరు గుంపుల్లో వెయ్యడం, పాయింట్ల తేడా లెక్కపెట్టాల్సి వస్తే మ్యాచుకు ఇరవైకి మించి లెక్కలోకి తీసుకోకపోవడం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పైజట్టు ఎంపికకు కాలేజీ ఎంతదూరం వచ్చిందని కాక, పిల్లవాడు ఎట్లా ఆడాడని చూడటం. ఎంపిక చేసేవాళ్లు మొదటి రౌండు నాడు కూడా కుర్చీల్లో కూర్చోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మా రైడర్ ఆ తర్వాత ఆట మానేశాడు. ఇప్పుడు సొంత పొలం చూసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. మొన్న ఊళ్లో కలిసినప్పుడు పాత ముచ్చట్లొచ్చాయి. ఓడినందుకు వాడికి బాధ లేదట. “ఇంకొక్క మ్యాచ్ ఆడనిస్తే బాగుండెర” అన్నాడు. వచ్చే ఏడు పోటీలకు షెడ్యూలు వేసే పెద్దలు ఈ మాట ఒక్కసారి గుర్తు చేసుకోవాలని నా మనవి.